సేఠ్ అడిగిండు కదా

నాకు కోపమెక్కువ. ఈ మాట మా ఆవిడ నాగమణమ్మ నలభై ఏళ్లుగా చెబుతూనే ఉంది, నేను ఒప్పుకోవడం మాత్రం ఇదే మొదలు. లాల్‌దర్వాజాలో మాది స్టీలు బిందెలు, ప్లాస్టిక్ డ్రమ్ముల హోల్‌సేల్ దుకాణం. మా తాత ఇత్తడి అమ్మాడు, మా బాపు స్టీలు అమ్మాడు, నేను ప్లాస్టిక్‌కు దిగాను. పాతబస్తీలో నల్లా సరిగ్గా రానన్నాళ్లూ పురుషోత్తం సేఠ్‌కు ఢోకా లేదని జనం నా మొహం మీదే నవ్వుతారు. నవ్వనీయండి. నేను చెప్పబోయేది నా గురించి కాదు, డానియేలు గురించి. కాకపోతే అతని కథలో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఒకటుంది. అది దాచిపెడితే చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

డానియేలు ఉప్పుగూడ స్టేషను వెనక బస్తీలో పుట్టాడు. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. పదో తరగతి తప్పి, టెలిఫోన్ శాఖలో రోజుకూలీగా చేరి, గుంతలు తవ్వి, నిచ్చెనలు మోసి, పన్నెండేళ్లకు గానీ పర్మినెంటు లైన్‌మన్ కాలేదు. సన్నటి మనిషి. ఆదివారం చర్చికి తెల్లచొక్కా, మిగతా ఆరు రోజులూ ఖాకీ ప్యాంటు. రిటైరయ్యాక కూడా ఆ ఖాకీ ప్యాంటు వదల్లేదు, ఎందుకయ్యా అంటే దానికి జేబులెక్కువ అంటాడు.

అతను నాకు ఎట్లా తెలుసో చెప్పాలి. తొంభై ఐదులో ఒకసారి మా గల్లీలో ఫోన్లన్నీ మూగబోయాయి. మా బాపు కంప్లయింట్ ఇచ్చారు. లైన్‌మన్ వచ్చి మా ఇంటి ఫోను బాగుచేసి, టీ తాగి వెళ్లిపోయాడు. మిగతా ఇళ్లవాళ్లు ఎవరూ నోరెత్తలేదు. అది మా గల్లీ పద్ధతి. పెద్దమనిషి ఒకసారి అడిగాడంటే అందరి తరఫునా అడిగినట్టే. మళ్లీ మనం వెళ్లి అడిగితే ఆయన్ను చిన్నబుచ్చినట్టు. వీధిదీపం కానీ, మోరీ కానీ, ఏదైనా సరే, "సేఠ్ అడిగిండు కదా, మళ్ల మనమెందుకు అడుగుడు" అని ఊరుకుంటారు. తొమ్మిది రోజులు అట్లాగే ఊరుకున్నారు.

పదో రోజు, అప్పుడు నిచ్చెన పట్టుకునే కూలీగా ఉన్న డానియేలు వేరే పనిమీద పోతూ మా దుకాణంలో మంచినీళ్లు తాగడానికి ఆగాడు. ఎదురింటి కాంపౌండరు చచ్చిన ఫోనును టకటకా కొడుతుంటే విన్నాడు. అంతే, గ్లాసు అక్కడ పెట్టేసి ఇల్లిల్లూ తిరిగాడు. పంతొమ్మిది ఫోన్లు చచ్చి ఉన్నాయి. "పంతొమ్మిది ఇండ్లల్ల ఒక్కలకన్న నోరు లేదా?" అని నడిగల్లీలో నిలబడి అరిచాడు. కూలివాడు సేఠ్‌ల గల్లీలో అరవడమేమిటని మా బాపు ఒంటికాలి మీద లేచారు. అయినా అతను లైన్‌మన్‌ను పట్టుకొచ్చాడు, సాయంత్రానికల్లా పంతొమ్మిదీ మోగాయి.

ఆనాటి నుంచి అతనికో అలవాటు పడింది. ఒక ఫోను బాగుచేస్తే ఆ కేబుల్ మీదున్న ప్రతి ఇంటికీ వెళ్లి, ఫోను ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని చూసేవాడు. రోజుకు పది కంప్లయింట్లు తీర్చాల్సిన చోట నాలుగే తీర్చేవాడు. పైవాళ్లతో తిట్లు తిన్నాడు, ప్రమోషను పోగొట్టుకున్నాడు, అలవాటు మాత్రం పోగొట్టుకోలేదు.

రెండేళ్ల కింద శాఖవాళ్లు ముందుగానే రిటైరు కమ్మంటే అయ్యాడు. నెల తిరక్కుండానే మా దుకాణం మెట్ల మీదికొచ్చి కూర్చున్నాడు.

"చేతులు గుంజుతున్నయి సేఠ్. ఏదన్న పని చెప్పు."

పని నేను చెప్పలేదు, మా కోడలు కీర్తిప్రియ చెప్పింది. ఆ పిల్ల ఇంట్లోంచే ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తుంది. నల్లా కబుర్ల కోసం మా వాడకట్టుకొక వాట్సాప్ గ్రూపు ఉండేది. నాలుగు వందల మంది. తెల్లారితే గులాబీపూలు, దేవుళ్లు, శుభోదయాలు, తప్పిపోయిన మేక, పెళ్లిపత్రిక, వీటి మధ్యలో ఎక్కడో "నీళ్లొచ్చినయి" అని ఒక ముక్క. ఆ ముక్క దొరికేసరికి నీళ్లు పోయేవి. డేటా అయిపోయినవాళ్లకు ఆ ముక్క కూడా లేదు.

ఆ ఇద్దరూ ఏడాది పాటు మా మేడ మీది గదిలో కూర్చుని పెట్టెలు తయారుచేశారు. టిఫిన్ డబ్బా అంత పెట్టె. లోపల చిన్న రేడియో, చిన్న తెర, బ్యాటరీ, పైన అరచేయంత సోలార్ పలక, ఒక గంట, రెండు మీటలు. ఇంటర్నెట్ లేదు, సిమ్ము లేదు. ప్రతి పెట్టె తనకు అందే మూడు నాలుగు ఇళ్ల పెట్టెలతోనే మాట్లాడుతుంది. ఎవరికి ఏ కబురు కావాలో వాళ్లు తమ పెట్టెకు చెప్పుకోవాలి, ఏ గల్లీ, ఏ వేళ, మంచినీళ్లా మురికినీళ్లా అని. దాన్ని డానియేలు చీటీ అనేవాడు. పెట్టె ఆ చీటీని పక్క పెట్టెకు చెబుతుంది, అది దాని పక్కదానికి. అందరికంటే ముందు నీళ్లొచ్చేది వాల్వు దగ్గరి టీ హోటలుకు. అక్కడ మీట నొక్కితే కబురు బయల్దేరుతుంది.

"ఎవరికి పంపాలో హోటలోనికి ఎట్ల తెలుస్తది?" అన్నాను.

"తెల్వనవసరం లేదు సేఠ్. కబురు మీద ఎవ్వల పేరు ఉండదు. గది ఏం కబురో చూసి, గసుంటిది ఎవలు అడిగిన్రో ఆ దిక్కుకే పెట్టె తోస్తది. అడగనోని ఇంట్ల గంట మోగది."

"మరి హెడ్డాఫీసు ఎక్కడ?"

"లేదు."

"మాలిక్ ఎవరు?"

"ఎవ్వరు కాదు. ఒకని ఇంట్ల మెయిన్ పెట్టె పెడితే వాడు మాలిక్ అయితడు, వాని ఇంట్ల కరెంటు పోతే అందరిది పోతది. గిట్ల అయితే ఒకటి చెడిపోతే మిగిలినయి వేరే తొవ్వ చూసుకుంటయి."

తల లేని బండి ఎంత దూరం పోతుందిలే అనుకున్నాను. లాల్‌దర్వాజా నుంచి ఉప్పుగూడ దాకా అరవై నాలుగు ఇళ్లకు పోయింది.

మా ఇంటి వెనక గోడకు ఆనుకుని ఒక కిరాయి ఇల్లుంది. అందులో రాజమణి ఉంటుంది. భర్త పోయాడు. అత్త చంద్రమ్మ మంచంలోంచి లేవలేదు. రాజమణి కాచిగూడ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. పొద్దున ఏడింటికి డ్యూటీ, ఉప్పుగూడ స్టేషనులో రైలెక్కి పోతుంది. మా దగ్గర నల్లా రోజు విడిచి రోజు, తెల్లవారుజామున నాలుగున్నరకూ ఐదున్నరకూ మధ్య ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. వచ్చిన మొదటి అరగంటే మోటారు లేనివాళ్లకు నీళ్లు. ఆ తర్వాత మాబోటి వాళ్లం మోటార్లు వేస్తే వాళ్ల నల్లాలో సన్నటి ధార, ఒక్కో బిందె నిండటానికి పది నిమిషాలు. నీళ్లు పట్టకుండా పోదామంటే మంచంలో ఉన్న అత్తను ఎల్లుండి దాకా ఎట్లా కడుగుతుంది? పడితే రైలు పోతుంది. అట్లా రెండుసార్లు డ్యూటీకి ఆలస్యమైంది. మూడోసారి అయితే తీసేస్తామని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

పెట్టె వచ్చాక ఎనిమిది నెలల్లో ఒక్కరోజు ఆలస్యం లేదు. ఆమె చీటీ చాలా చిన్నది. మా గల్లీ, మంచినీళ్లు, పొద్దున నాలుగు నుంచి ఏడు వరకు. అంతే. ఏడు దాటాక గంట మోగితే చంద్రమ్మ ఉలిక్కిపడుతుందని.

నా చీటీ? సేఠ్‌ని కదా! లాల్‌దర్వాజాలో ఎక్కడ, ఎప్పుడు, ఎట్లాంటి నీళ్లొచ్చినా నాకు తెలియాలి అన్నాను. "మామయ్యా, గంట ఆగదు చూడండి" అని కీర్తిప్రియ ముందే నవ్వింది. నేను వింటేగా.

ఎండాకాలం వచ్చింది. మొన్న మే నెలలో ఒక మధ్యాహ్నం, అన్నం తిని నడుం వాల్చానో లేదో, గంట. ఏ గల్లీలోనో ట్యాంకరు నీళ్లట. కళ్లు మూసుకున్నాను, మళ్లీ గంట. ఏడోసారి మోగేసరికి లేచి వెళ్లి, కింది మీట నొక్కిపట్టి నా చీటీ మొత్తం తీసిపారేశాను. హాయిగా నిద్రపోయాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు కూడా, చెప్పడానికేముంది?

మూడో రోజు సాయంత్రం రాజమణి మా గడప దగ్గర నిలబడి ఉంది, చేతిలో వైరుబుట్ట. మొహం పీక్కుపోయింది.

"పొద్దుగాల నల్లా వచ్చిందట సేఠ్. నాకు గంట మోగలే. పోయేసరికి ఎనిమిదైంది. ఒకటో తారీకు నుంచి రావొద్దన్నరు."

నాకు ఏమనాలో తోచలేదు. తోచనప్పుడు నేను చేసే పనే చేశాను, గొంతు పెంచాను. "మోగకెక్కడికి పోతది? మంచిగ నిద్రపోయి ఉంటవ్!"

ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది. లోపల్నుంచి నాగమణమ్మ వచ్చి, "ఆమె నిద్రపోయే మనిషా? నోరు ఉంది కదా అని ఊరికే పారేసుకోకు" అంది.

డానియేలుకు ఫోన్ చేసింది నాగమణమ్మే. మర్నాడు పొద్దున్నే నిచ్చెన సైకిలుకు కట్టుకుని వచ్చాడు. కీర్తిప్రియ లాప్‌టాప్ తెరిచి అన్ని పెట్టెలూ బతికే ఉన్నాయంది. డానియేలు రాజమణి ఇంట్లో పెట్టె గంట మోగించి చూశాడు, మోగింది. ఆమె చీటీ ఆమె పెట్టెలో ఉంది. ఆమె పెట్టె గోడల మధ్య కింద ఉంది కాబట్టి దానికి అందేది మా మేడ మీది పెట్టె ఒక్కటే. మా పెట్టెలో చూస్తే అక్కడా ఆమె చీటీ భద్రంగా ఉంది.

"అన్నీ మంచిగనే ఉన్నయి కదా అంకుల్. మరేంది?" అంది కీర్తిప్రియ.

"మంచిగున్న కాడ చూస్తే ఏం దొరుకుతది బిడ్డా" అని అతను పక్కింటి మేడ ఎక్కాడు. నేనూ ఆయాసపడుతూ ఎక్కాను, ఎందుకో నాకే తెలియదు. పక్క పెట్టె మూత తీసి, చిన్న తెర మీద వరసగా చీటీలు చూశాడు. మళ్లీ చూశాడు.

"నీ చీటీ ఏది సేఠ్?"

"తీసేసిన. పగటి నిద్ర ఖరాబు చేస్తున్నదని. ఏం, నా ఇష్టం కాదా?"

"నీ ఇష్టమే" అన్నాడు. మేడ మీద చతికిలబడ్డాడు. ఎండ చుర్రుమంటోంది, అతనికి పట్టలేదు.

"ఏమైంది అంకుల్?" కీర్తిప్రియ కూడా పైకి వచ్చింది.

"నీ పెట్టె పెద్ద చీటీ అడిగింది సేఠ్. అన్ని గల్లీలు, అన్ని వేళలు. రాజమణి చిన్న చీటీ మొత్తం దాంట్లనే పడుతది. గందుకని నీ పెట్టె ఆమె చీటీ తన కాడనే ఉంచుకుంది, ముందటి పెట్టెకు చెప్పలే. పెద్దది అడిగినంక చిన్నది మళ్ల అడుగుడెందుకని. ఇప్పుడు నువ్వు నీది వాపసు తీసుకుంటివి. ముందటి పెట్టె ఏమనుకుంటది? ఈ దిక్కు ఎవ్వలకు ఏం అవసరం లేదు అనుకుంటది. కబురు ఈడి దాక వచ్చి ఆగింది."

కీర్తిప్రియ మొహం చిన్నబోయింది. "రేడియో తక్కువ మాట్లాడితే బ్యాటరీ మిగులుతదని అట్ల రాసినం..."

"నువ్వు రాసినవ్. రాయమన్నది నేను." డానియేలు తన అరచేతుల వంక చూసుకున్నాడు. "తొంభై ఐదుల పంతొమ్మిది ఇండ్ల ముందట నిలబడి ఏ మాటకు గింత కోపం చేసిన్నో, గదే మాట నా చేతులతోని పెట్టెకు నేర్పిన. సేఠ్ అడిగిండు కదా, మళ్ల మనమెందుకు అడుగుడు."

నిద్రపోయింది నేను. నిద్రపోయావని తిట్టింది ఆమెను. సిగ్గుతో చచ్చిపోయాను, ఇంకో మాట లేదు.

సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి తొందరపడ్డాను. "సరే, ఇప్పుడే నా చీటీ మళ్ల పెడుత. ఆమెకు కబురు పోతది కదా. లొల్లి ఖతం."

"వద్దు సేఠ్."

"ఎందుకు వద్దు?"

"రేపు మళ్ల నీకు నిద్ర వస్తది. మళ్ల చీటీ తీస్తవ్. ఆమె మాట నీ మాట కింద పండొద్దు. ఆమె మాట ఆమెదే పోవాలె."

నన్ను ఇంతవరకూ ఎవరూ అట్లా వద్దనలేదు. కోపం రావాలి. రాలేదు.

ఆ మధ్యాహ్నమే డానియేలు ఆసుపత్రికి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్లాను. ఆయాల సూపర్‌వైజరు విజయలక్ష్మి అని ఒకావిడ. డానియేలు సంచిలోంచి పెట్టె తీసి ఆమె బల్ల మీద పెట్టాడు.

"మేడం, తప్పు ఆ పిల్లది కాదు. ఆమె అడిగింది. అడిగిన మాటను మధ్యల ఆపింది నేను చేసిన పెట్టె. శిక్ష నాకెయ్యున్రి."

"పెట్టెలతో నాకేం పని?" అందావిడ. "పేషెంటు పొద్దున ఏడింటికి బెడ్‌పాన్ అడిగితే నీళ్లు రాలేదని చెప్పాలా?"

మాట న్యాయమే. డానియేలు పెట్టెను మళ్లీ సంచిలో పెట్టుకోబోయాడు. అప్పుడు నా నోరు ఎట్లా తెరుచుకుందో తెలియదు, జరిగిందంతా చెప్పేశాను, పగటినిద్రతో సహా. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. నా వయసు, నా ఉంగరాలు, నా చెమట.

"ఈ నెలా, వచ్చే నెలా చూస్తాను. ఒక్కరోజు ఏడు దాటినా ఇక ఎవరూ నా దగ్గరికి రావద్దు" అంది.

అంటే ఇక అంతా గంట మీదే ఉంది. కీర్తిప్రియ రెండు రోజులు సెలవు పెట్టి కొత్తగా రాసింది. పెద్ద చీటీ ఒకటి తీసేస్తే, దాని కింద ఎవరెవరి చిన్న చీటీలు ఉన్నాయో పెట్టె వెతుక్కోవాలి, ఒక్కొక్కటే ముందుకు చెప్పాలి. అది చెప్పాకే పెద్దది తీయాలి. రాయడం రెండు రోజులు, దాన్ని అరవై నాలుగు పెట్టెల్లో ఎక్కించడం ఐదు రోజులు. ఆ వారం నల్లా రోజుల్లో రాజమణి నాలుగు కాకముందే లేచి నల్లా దగ్గర కాపలా కూర్చుంది. ప్రతి మేడా ఎక్కాలి. డానియేలు ఎక్కాడు. నిచ్చెన నేను పట్టుకున్నాను. లాల్‌దర్వాజా మొత్తం గల్లీల్లోకి వచ్చి చూసింది, నాగమణమ్మ అయితే నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. చూడనీయండి.

ప్రతి ఇంట్లోనూ డానియేలు అడిగే ప్రశ్న ఒకటే. "మీరేం అడిగిన్రు? మీకు వస్తున్నదా?" అప్పుడు బయటపడింది. నా చీటీ కింద అణిగిపోయినవి ఒక్క రాజమణిదే కాదు, మరో పది ఇళ్లవి కూడా. వాళ్లెవరూ చెప్పలేదేమని అడిగాను. ఒక పెద్దాయన మొహమాటంగా అన్నాడు, "రాజమణి ఎట్లనూ మీకు చెప్పింది కదా సేఠ్, మళ్ల మేమెందుకని..." డానియేలు నా వైపు చూశాడు. ఇద్దరం ఒకేసారి తల పట్టుకున్నాం.

అన్ని పెట్టెలూ అయ్యాక మొదటి నల్లా వంతు శుక్రవారం. నాకు నాలుగింటికే మెలకువ వచ్చింది. నాకు చీటీ లేదు, కొత్తది పెట్టలేదు. మా పెట్టె మీద పచ్చదీపం వెలుగుతోంది, అంతే, చప్పుడు లేదు. నాలుగున్నర. ఐదు. "నీకు నీళ్ల కబురే వద్దంటివి కదా, ఇంకెందుకు గంట దిక్కు చూసుడు, పండుకో" అంది నాగమణమ్మ. పడుకోలేదు. ఆమె కూడా పడుకోలేదని నాకు తెలుసు.

ఐదూ పదికి గోడ అవతల గంట మోగింది.

ఆ వెంటనే చెప్పుల చప్పుడు, బండ మీద బిందె ఆనిన చప్పుడు. మా దుకాణం స్టీలే, చప్పుడుకు గుర్తుపట్టాను. వీధి అంతా ఒకటొకటిగా గంటలు మోగుతున్నాయి. మా ఇంట్లో మాత్రం లేదు. అరవై ఆరేళ్ల వయసులో పెరటి గోడకు చెవి ఆనించి నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

"మోటారెయ్యనా?" అంది నాగమణమ్మ, స్విచ్చు దగ్గర నిలబడి.

"ఆగు. ఆమెకు నిండనీ."

ఆరింటికి రాజమణి వైరుబుట్ట చేతబట్టుకుని స్టేషను వైపు పరుగులాంటి నడకతో మా గేటు దాటింది. జుట్టు తడిగా ఉంది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది.

"పన్నెండు బిందెలు సేఠ్! అత్తకు తానం గూడ పోసిన."

"నేను గా రోజు అన్న మాట..." అని మొదలుపెట్టాను.

"రైలొస్తది సేఠ్, సాయంత్రం చెప్పున్రి" అని నవ్వి వెళ్లిపోయింది. సాయంత్రం వాళ్లింటికి నేనే వెళ్లి చెప్పాను. రెండు నెలలు గడిచాయి, ఆమె ఒక్కరోజు ఆలస్యం కాలేదు. పని నిలిచింది.

ఆ శుక్రవారం పొద్దున ఇంకొకటి జరిగింది. రాజమణి వెళ్లిన కాసేపటికి డానియేలు సైకిలు నడిపించుకుంటూ గల్లీలోకి వచ్చాడు. ఉప్పుగూడ నుంచి తెల్లారకముందే బయల్దేరి ఉంటాడు. ఒక్కో తలుపు తట్టి, "మోగిందా?" అని అడిగి, జవాబు విని, పక్క తలుపు తడుతున్నాడు. ఒక్క ఇల్లు వదలడం లేదు. చివరికి మా గేటు ముందు ఆగాడు.

"మోగిందా సేఠ్?"

"నాకు చీటీ లేదని నీకు తెల్వదా? నన్నెందుకు అడుగుతవ్?"

"నువ్వు చెప్పాలె కదా" అన్నాడు. "చెప్పు."

"మోగలే. నేను అడగలే, నాకు మోగలే."

తల ఊపి, సైకిలు తిప్పుకుని, పక్కింటి తలుపు తట్టాడు.